కాలేయం కూలిన కథ

పూతలపట్టు కూడలి నుంచి కాణిపాకం ఎంతో దూరం లేదు. అక్కడ బావిలో వెలసిన వినాయకుడు కొంచెం కొంచెంగా పెరుగుతున్నాడని మా వైపు గట్టి నమ్మకం. ఎప్పుడో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదని చూపిస్తారు. గుడి పక్కన పారే బాహుదా నదికీ ఒక పెరుగుదల కథే ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఆకలికి ఆగలేక తమ్ముడు అడక్కుండా ఒక తోటలో మామిడిపండు కోసుకు తిన్నాడు. తప్పు చేశావు, రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగు అన్నాడు అన్న. రాజు చేతులు నరికించాడు. లిఖితుడు ఏట్లో మునిగి లేచేసరికి చేతులు మళ్లీ వచ్చాయి. మహాభారతం శాంతిపర్వంలో ఉన్న కథే ఇది. మా వాళ్లు దాన్ని మా ఏటికి తెచ్చి కట్టారు, మామిడిని కూడా పట్టుకొచ్చి పెట్టారు. మామిడి లేకుండా చిత్తూరు జిల్లాలో స్థలపురాణం కూడా నడవదు మరి.

లిఖితుడి వరం మనిషి ఒంటి లోపలి పెద్ద అవయవాల్లో ఒక్కదానికే దక్కింది. నరికిన చెయ్యి మొలవదు, పోయిన కన్ను రాదు, గుండె కండ ఒకసారి చచ్చిందంటే అక్కడ మచ్చే మిగులుతుంది. కాలేయం మాత్రం తిరిగి పెరుగుతుంది. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేసి చూశారు. వారం పది రోజుల్లో మిగిలిన ముక్కే పెరిగి పాత బరువుకు వచ్చింది. ఈరోజు తండ్రి కోసం కొడుకు తన కాలేయంలో సగానికి పైగా కోసి ఇవ్వగలుగుతున్నాడంటే ఆ ధైర్యం అక్కడి నుంచి వచ్చిందే.

నాకు మాత్రం అది పెరగడం కంటే ఆగడమే పెద్ద వింతగా తోస్తుంది. పాత బరువుకు రాగానే ఆగిపోతుంది. 1987లో కుక్కల మీద చేసిన కాలేయ మార్పిడుల్లో ఇంకో సంగతి తేలింది. చిన్న కుక్క కాలేయాన్ని పెద్ద కుక్కకు పెడితే, అది కొత్త ఒంటికి ఎంత కావాలో అంతే పెరిగి ఆగింది. అంటే ఎంత పెరగాలన్నది కాలేయం ఒక్కటే కూర్చుని వేసుకునే లెక్క కాదు, ఒళ్లంతా కలిసి చెప్పే మాట. దాన్ని వినే చెవి కాలేయానికి ఉంది. ఆ చెవి పోయిన రోజు ఏమవుతుందన్నదే ఈ కథ.

ఇక్కడొక మాట చెప్పుకుని పోవాలి. కంబ రామాయణాన్ని తెలుగు చేసింది మా పూతలపట్టు శ్రీరాములు రెడ్డి. వాల్మీకి చెప్పని హిరణ్యకశిపుడి కథ కంబడు విస్తారంగా చెప్పాడు, అదీ విభీషణుడి నోట, రావణుడి ఎదుట. వరాలున్నవాడు ఎట్లా కూలాడో వరాలున్న అన్నకు తమ్ముడు చెబుతాడు. అన్న వినడు. కాలేయం కథ చదివినప్పుడల్లా నాకు ఆ సభే గుర్తొస్తుంది.

ఒంట్లో ఆ తమ్ముడి పని చేసేది ఎవరన్నది కాలేయంలో బయటపడలేదు, ఈగలో బయటపడింది. మాగిన అరటిపండు మీద మూగే చిన్న ఈగ, డ్రోసోఫిలా. 1995లో దాంట్లో వార్ట్స్ అనే జన్యువును పట్టుకున్నారు. అది చెడిపోతే ఈగ కన్ను, రెక్క, తల హద్దు లేకుండా ఉబ్బుతాయి. 2002లో సాల్వడార్ దొరికింది. 2003లో ఒకే ఏడాది ఐదు బృందాలు విడివిడిగా హిప్పోను కనుక్కున్నాయి. అది పోయిన ఈగ తల నీటిగుర్రం తలలాగా ముడతలు పడి లావెక్కుతుంది, పేరు అందుకే. 2005లో మాట్స్ వచ్చి చేరింది. అదే ఏడాది డ్వోజియా పాన్ ప్రయోగశాలలో యార్కీ దొరికింది. ఈ నలుగురూ కాపలా కాసేది ఆ యార్కీ మీదే. మన కణాల్లో దాని పేరు యాప్, దానికి టాజ్ అని ఒక తోబుట్టువు కూడా ఉంది.

కాపలా పద్ధతి చాలా సాదాది. హిప్పో వార్ట్స్‌కు ఒక ఫాస్ఫేట్ అంటిస్తుంది. వార్ట్స్ ఆ బలంతో యాప్‌కు ఒక ఫాస్ఫేట్ అంటిస్తుంది. సాల్వడార్, మాట్స్ పక్కన ఉండి పని సాగేట్టు చూస్తాయి. ఆ ముద్ర పడ్డ యాప్ కణకేంద్రకంలోకి పోలేదు, బయటే ఉండిపోయి తర్వాత కరిగిపోతుంది. ముద్ర పడకపోతే లోపలికి పోతుంది, టీడ్ అనే ప్రోటీన్లతో జతకడుతుంది, కణం రెండుగా చీలడానికి, చావకుండా ఉండడానికి కావలసిన జన్యువులను లేపుతుంది. గాయమైనప్పుడు కాపలా కాసేపు పక్కకు తప్పుకోవాలి, మానగానే మళ్లీ నిలబడాలి. పక్క కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని నిండుగా ఉంటే ఆ కబురు కణం పొర దగ్గరి మెర్లిన్ అనే ప్రోటీన్ ద్వారా కాపలాకు చేరుతుంది. చోటు ఖాళీ అయితే ఇంకో కబురు. నిండిందా, నిండలేదా అన్నదే అక్కడ జరిగే సంభాషణంతా.

మా పెద్దమామ ఈ పేర్లేవీ వినలేదు. పూతలపట్టుకూ ఇరాలకూ మధ్య ఒక పల్లెలో ఆయనది తోతాపురి తోట. కింద నాలుగు మడకల మెట్ట, వానొస్తే చెనక్కాయ. ఊరి వాళ్లకు ఆయన రైతు కంటే ఎక్కువగా అంట్లు కట్టే మనిషి. పొద్దున్నే చిన్న కత్తి మీద నీళ్లు చల్లి నూరుకుని కూర్చునేవాడు. టెంకమొక్క కాండాన్ని ఏటవాలుగా ఒక్క కోత, కొమ్మను అదే వాలులో ఇంకో కోత, రెండు కోతలూ ముఖాముఖి పెట్టి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేవాడు. దేనికీ రెండో కోత ఎప్పుడూ ఉండేది కాదు. పట్టీ ముందు విప్పితే అంటు ఊడుతుంది, మరీ ఆలస్యం చేస్తే కాండాన్ని కోసుకుపోతుంది.

“ఎప్పుడు విప్పాలో ఎట్లా తెలుస్తాది మామా?” అంటే, “చూస్తే తెలుస్తాదబ్బోడా, దాన్ని అడగాల్నా?” అనేవాడు.

(చెట్ల కణాల్లో యాప్ లేదు. వాటి లెక్కలు వేరు. ఆయన కంటికి ఆ లెక్కలూ తెలుసు.)

ఆయన అరచేతులు ఎర్రగా ఉండేవి. గోరింటాకు పండినట్టు ఉన్నాయని అత్త మురిసేది. ఆడపిల్ల చేతులు మామా నీవి అని మేం ఆటపట్టించేవాళ్లం. అలా ఎర్రబారడం కాలేయం లోలోపల ఎండిపోతున్నప్పుడు కనిపించే గుర్తుల్లో ఒకటని అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నమైతే ఒళ్లు బరువెక్కి చెట్టు కింద పడుకునేవాడు. వయసు మీద పడుతోంది అనుకున్నాం, ఎండలు అనుకున్నాం. ఎండలు మా జిల్లాలో చాలా నేరాలు నెత్తిన వేసుకుంటాయి.

శత్రువు ఆయన ఒంట్లో చిన్నప్పటి నుంచే ఉంది. హెపటైటిస్ బి వైరస్. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి తొంభై అయిదు మందిలో అదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే మాత్రం పదిమందిలో తొమ్మిది మందిలో జీవితాంతం తిష్ఠ వేస్తుంది. మరీ పసితనంలో పడినా పోవడం కష్టమే. ఆయనకు తల్లి నుంచి వచ్చిందో, ఆ కాలంలో ఊరంతటికీ ఒకే గాజు సిరంజితో సూదులు వేసిన రోజుల నుంచి వచ్చిందో. ఈ వైరస్ కాలేయ కణాన్ని నేరుగా చంపదు. అది ఉన్న కణాలను మన రక్షణ దళాలే వెతికి చంపుతాయి. చచ్చినచోట కాలేయం తన వరాన్ని వాడుతుంది, కొత్త కణాలు పుట్టిస్తుంది. వాటిలోకీ వైరస్ పోతుంది. మళ్లీ చావు, మళ్లీ పుట్టుక. నలభై ఏళ్లు ఇదే. మానే గుణం లేని అవయవమైతే ఏనాడో చేతులెత్తేసి, లోకానికి తెలిసేట్టు జబ్బు పడేది. కాలేయం చేతులెత్తలేదు. కాబట్టే ఎవరికీ తెలియలేదు.

చెనక్కాయ కూడా తన వంతు పని చేసింది. చివర్లో వాన మొహం చాటేసిన ఏడు కాయ భూమిలో ఉండగానే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాన్ని పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం వదులుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాకే ఆ విషం సంగతి లోకానికి తెలిసింది. అవి తిన్న దాణాలో చెనక్కాయ పిండి ఉంది. మా ఇళ్లల్లో మంచి కాయ మండీకి పోతుంది, తాలూ పుచ్చూ ఇంటికి మిగులుతాయి. ఆ మిగిలిందే చట్నీ అవుతుంది. షాంఘైలో 18 వేల మందికి పైగా మగవాళ్లను ఏళ్లపాటు గమనించి 1994లో తేల్చిన లెక్క ఉంది: కాలేయ క్యాన్సర్ ముప్పు అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉంటే సుమారు మూడున్నర రెట్లు, వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు, రెండూ కలిస్తే దగ్గర దగ్గర అరవై రెట్లు. కూడితే పదో పదకొండో రావాలి. అరవై వచ్చింది.

ఇక కాపలా సంగతి. మామ కాలేయంలో లేచిన కంతి ముక్క ఈ కాపలా ఎలా ఉందో చూసే పరీక్షలకు పోలేదు. ఇక్కడ చెప్పేది ఎలుకల కాలేయాల్లోనూ, వేరే రోగుల కంతుల్లోనూ చూసింది.

చచ్చి పుట్టే ఆ గొడవలో కాలేయంలో మచ్చలు పడతాయి. మచ్చ మీద మచ్చ పడి మెత్తటి అవయవం గట్టిపడుతుంది. సిర్రోసిస్ అంటారు. 2011లో ఇటలీలోని పాదువాలో స్టెఫానో పికోలో బృందం ఒక సంగతి చూపించింది. కణం కూర్చున్న చోటు మెత్తగా ఉంటే యాప్ బయట ఉంటుంది, గట్టిగా ఉంటే కేంద్రకంలోకి పోతుంది. అంటే గట్టిపడ్డ కాలేయంలో ప్రతి కణానికీ ఎప్పుడూ ఒకటే కబురు అందుతోంది: ఇక్కడ గాయం ఉంది, ఇంకా మానలేదు, పెరుగు. గాయాన్ని మాన్పే పని మచ్చను పెంచింది. మచ్చ గట్టిదనాన్ని పెంచింది. గట్టిదనం కాపలాను నిలబడనివ్వలేదు.

ఇంకా బాధ పెట్టే విషయం ఒకటుంది. మనుషుల కాలేయ క్యాన్సర్లలో చాలావాటిలో యాప్ మామూలు కంటే ఎక్కువగా, అదీ కేంద్రకంలో కనిపించింది. కానీ హిప్పో, వార్ట్స్ జన్యువులు విరిగిపోయి కనిపించడం అరుదు. ఆస్‌బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథెలియోమాలో మెర్లిన్ జన్యువు తరచుగా పోతుంది, అక్కడ కాపలాను చంపేశారని చెప్పొచ్చు. కాలేయంలో ఎవరూ చావలేదు. అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. వాళ్ల మాట చెల్లలేదు, అంతే. విభీషణుడు సభలోనే నిలబడి ఉన్నాడు.

2007లో రెండు ప్రయోగాలు అచ్చయ్యాయి. ఒకటి పాన్ బృందానిది, ఇంకొకటి ఫెర్నాండో కమార్గో బృందానిది. ఎలుక కాలేయంలో యాప్‌ను కావలసినప్పుడు పెంచేట్టు, కావలసినప్పుడు ఆపేట్టు ఏర్పాటు చేశారు. నీళ్లలో ఒక మందు కలిపితే పెరుగుతుంది, తీసేస్తే ఆగుతుంది. యాప్ పెంచిన ఎలుకల్లో కొన్ని వారాలకే కాలేయం ఒంటి బరువులో నాలుగో వంతు అయింది. మామూలుగా అది ఇరవయ్యో వంతు. అప్పుడు మందు ఆపారు. అంత ఉబ్బిన కాలేయం నెమ్మదిగా తగ్గి, మళ్లీ తన పాత కొలతకు వచ్చి కూర్చుంది! చదువుతుంటే ఒళ్లు జలదరించే చోటు అది. అన్ని రోజులు వినకపోయినా వినే చెవి ఇంకా ఉంది. మందు ఆపకుండా మూడు నెలలు అలాగే పోనిస్తే మాత్రం కాలేయమంతా కంతులు లేచాయి. 2009లో ఇంకో బృందం హిప్పోకు ఎలుకల్లో ఉన్న రెండు రూపాలనూ కాలేయం నుంచి తీసేసి చూస్తే అక్కడా ముగింపు క్యాన్సరే.

తిరిగి రావడానికి ఒక గడువు ఉంది. గడువు లోపల ఆపితే మెత్తగా వెనక్కి వస్తుంది.

మామకూ ఒక గడువు వచ్చింది. ఆయన పోయాక కాదు, పోకముందే మాకు తెలిసింది ఆ సంగతి. ఆరోగ్యశ్రీ కార్డు కోసం బీరువా అంతా తిరగేస్తుంటే, పట్టాదారు పాసుపుస్తకం మడతలో నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి దొరికింది. ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడో రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చాడు. తర్వాత ఈ చీటీ వచ్చింది, అంతా ఇంగ్లీషులో. హెపటైటిస్ బి ఉందని, డాక్టరును కలవమని. ఇచ్చినవాళ్లు నోటితో ఒక్క మాట చెప్పలేదు. ప్రభుత్వ కాగితం లాగా ఉంది కదా, ఎప్పుడైనా పనికొస్తుందని ఆయన దాన్ని భూమి కాగితాల్లో భద్రంగా దాచుకున్నాడు. ఆ నాటికే వైరస్‌ను అణిచిపెట్టే మాత్రలు బజారులో ఉన్నాయి. మాత్రలతో వైరస్ అణిగితే గట్టిపడ్డ కాలేయం కూడా చాలామందిలో కొంత మెత్తబడుతుంది.

అత్త ఆ చీటీని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. “ఇది చదివించుకునుంటే?” అని నన్నే అడిగింది. ఆమెకు చదువు రాదు, నాకు వచ్చు. అప్పుడు నేను ఊళ్లో లేను.

పొట్ట ఉబ్బి, చెంపలు పీక్కుపోయాక రాయవేలూరు తీసుకుపోయాం. పాకాల నుంచి కాట్పాడికి పోయే రైలు పూతలపట్టు మీదుగానే పోతుంది. మా వైపు జబ్బులకు అదే దారి. అపోలో ప్రతాప్ సి. రెడ్డి పుట్టిన అరగొండ మాకు కూతవేటు దూరమే అయినా, మా ముసలోళ్లకు ‘పెద్దాసుపత్రి’ అంటే ఇప్పటికీ వేలూరే. డాక్టరు కుర్రవాడు, తమిళం కలిసిన తెలుగులో మర్యాదగా మాట్లాడాడు.

“తాగే అలవాటు ఉందా అయ్యా?”

“కల్లు కూడా ముట్టలేదు సామీ.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ.”

ఆ రెండో ప్రశ్న ఆయన్ను గుచ్చింది. బయటికొచ్చాక, “నమ్మలేదబ్బోడా ఆయన” అన్నాడు. నమ్మాడని నేను చెప్పాను, నిజంగానే నమ్మాడు, వెంటనే వైరస్ పరీక్ష రాసింది ఆయనే. కానీ మామకు ఆ ప్రశ్నే మిగిలిపోయింది. కాలేయం చెడిందంటే తాగుబోతు అన్నది మా ఊళ్లో శాసనం లాంటి మాట. తాగుడు కాలేయాన్ని చంపుతుంది, నిజమే. తాగని వాళ్లను చంపేవీ ఉన్నాయని ఎవరికి చెబుతాం, ఎన్ని ఇళ్లకు పోయి చెబుతాం?

స్కానింగులో కంతి ఒకటి కాదు. ఒకటి పెద్ద రక్తనాళంలోకి పాకింది. కోసి తీయడానికి లేదు, మార్పిడికి లేదు. మిగిలింది సొరాఫెనిబ్ మాత్ర.

ఆ మాత్ర కథలో మాత్రం తెలుగువాళ్లు తలెత్తుకునే ఘట్టం ఉంది. జర్మనీ కంపెనీ బేయర్ దాన్ని నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. హైదరాబాదు కంపెనీ నాట్కో పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు పెట్టింది: ఈ మందు రోగులకు అందడం లేదు, తయారుచేసే హక్కు మాకివ్వండి అని. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ అనుమతి ఇచ్చారు. పేటెంటు ఉన్న మందును వేరే కంపెనీ తయారు చేసుకోవచ్చని మన దేశంలో ఇచ్చిన మొట్టమొదటి తప్పనిసరి లైసెన్సు అది. నెలకు సరిపడే 120 మాత్రలు 8,880 రూపాయలకు మించకూడదన్నారు, బేయర్‌కు అమ్మకాల్లో 6 శాతం ఇవ్వాలన్నారు. బేయర్ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2014లో అక్కడా ఓడింది. మామ ఆ చవక మాత్రే వాడాడు. రెండు లక్షల ఎనభై వేలైతే ఆ మాట ఇంట్లో ఎత్తేవాళ్లమే కాదు.

చవకైంది మాత్ర ధరే. దాని సత్తా ఎంతో ముందే తేలిపోయి ఉంది. పడమటి దేశాల్లో చేసిన పెద్ద పరీక్షలో, మాత్ర లేనివాళ్లు సగటున 7.9 నెలలు బతికితే, వాడినవాళ్లు 10.7 నెలలు. చైనా, కొరియా, తైవాన్ రోగుల్లో 4.2 నెలలు 6.5 అయ్యాయి. న్యాయపోరాటం అంతా రెండు మూడు నెలల కోసం. ఆ నెలలు తక్కువ అని నేను అనను. ఇచ్చే నెలలను కూడా మాత్ర ఊరికే ఇవ్వలేదు. కొందరిలో అది అరచేతులను, అరికాళ్లను పట్టుకుంటుంది. మామ అరచేతులు మొదట మండాయి, తర్వాత బొబ్బలెక్కాయి, తర్వాత పొరలు పొరలుగా ఊడాయి. గ్లాసు పట్టుకుంటే గుడ్డ అడ్డం పెట్టుకునేవాడు. ఆ ఏడు అంట్ల కాలంలో ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఆయన కొడుకు, మా బావ, కత్తి పట్టాడు. బావ రెండు మూడు కోతలు కోసేవాడు ఒక్కో మొక్కకు. మామ చూసి ఏమీ అనేవాడు కాదు. మామూలుగా అయితే తిట్టేవాడు. తిట్టకపోవడం చూసి అత్త లోపలికి పోయింది.

తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల దారి పట్టే వేళకు ఆయన లేడు. దామలచెరువు మండీలో ఆ ఏడు రేటు ఎంత పలికిందో నాకు గుర్తులేదు, ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

తర్వాత చదివిన వాటిలో ఒకటి మనసులో నాటుకుపోయింది. 2019లో గియోర్గ్ హాల్డర్ బృందం ఎలుకల్లో చూసింది. కంతి లేచినప్పుడు దాని చుట్టూ ఉన్న మామూలు కాలేయ కణాల్లో కూడా యాప్ లేస్తుంది, ఆ కణాలు కంతిని ఎదుర్కొంటాయి, పెరగనివ్వవు. చుట్టుపక్కల కణాల్లో యాప్ తీసేస్తే కంతి విజృంభించింది. చుట్టూ యాప్ పెంచితే కంతి క్షీణించింది. క్యాన్సరును పెంచే ఆ ప్రోటీనే ఇరుగుపొరుగు చేతిలో క్యాన్సరుతో పోరాడుతోంది. మామ ఒంట్లోనూ చివరిదాకా అలాంటి యుద్ధం జరిగి ఉండొచ్చు. గట్టిపడి మచ్చలు కట్టిన కాలేయంలో పోరాడే ఇరుగుపొరుగు ఎంతమంది మిగిలారన్నదే తేడా.

యాప్ జతకట్టే టీడ్‌ను పట్టుకునే మందులు ఇప్పుడు మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి. టీడ్‌లో ఒక కొవ్వు ఆమ్లం ఇమిడే చిన్న గుంత ఉంది, మందు అందులో దూరి కూర్చుంటుంది. మెసోథెలియోమా రోగుల్లో కొందరికి కంతులు తగ్గాయి. కాకపోతే మూత్రంలో ప్రోటీన్ పోతోంది, మూత్రపిండాలకు ఆ యాప్ కావాలి కాబట్టి. ఇలాంటి ఒక మందును దాని కంపెనీయే 2024లో వదిలేసింది. కాలేయానికి ఈ దారిలో మందు వస్తుందా అంటే, ఎవరి కణాల్లో యాప్‌ను ఆపాలి, ఎవరి కణాల్లో ఉంచాలి అన్న చిక్కు హాల్డర్ ఎలుకల దగ్గరే ఉంది. 2022లో ప్రపంచంలో కాలేయ క్యాన్సరుతో పోయినవాళ్లు సుమారు 7 లక్షల 60 వేలు.

వీళ్లలో చాలామంది పోనక్కర్లేదు. హెపటైటిస్ బి టీకా 1980ల మొదట్లోనే లోకంలో ఉంది, కొనగలిగిన వాళ్లకు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో శాన్‌వాక్-బి తెచ్చారు. దిగుమతి టీకా వందల రూపాయలున్న చోట యాభై రూపాయలకు దిగింది. 2011కల్లా దేశమంతటా పిల్లల టీకాల్లో చేరింది. మామ మనవడు పుట్టిన రోజే, ఇరవై నాలుగు గంటలు నిండకముందే, ఏరియా ఆసుపత్రిలో ఆ టీకా వేశారు. అత్త ఆ కార్డు తెచ్చి నాతో చదివించుకుంది. ఇంట్లోకి వచ్చే ఏ కాగితమైనా ఇప్పుడు ముందు నాకు ఫోటో తీసి పంపుతారు.

బావకు వైరస్ ఉంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు, ఆరు నెలలకోసారి తిరుపతి పోయి స్కానింగు చేయించుకుంటాడు. కాలేయం ఎంత గట్టిగా ఉందో కొలిచే యంత్రం అక్కడ ఉంది. పక్కటెముకల మధ్య చిన్న గొట్టం ఆనించి తడితే అల ఎంత వేగంగా పోతుందో చూసి అంకె చెబుతుంది. పోయినసారి కంటే ఈసారి అంకె తగ్గింది. బావ ఇప్పుడు అంటుకు ఒకటే కోత కోస్తాడు.

రోడ్డు మీద పోయేవాళ్లు ఆ తోట ఎవరిదని అడుగుతూనే ఉంటారు, కాపు అలా ఉంటుంది. టీకొట్టు దగ్గర నేనున్నప్పుడే ఒకాయన అడిగాడు. “తాగి తాగి పోయినాడే, ఆయనది” అన్నాడు కొట్టాయన, గ్లాసులు కడుక్కుంటూ.